సిమ్కీ నాట్యం - ‘ఆవారా’ స్వప్నం

దొంగ కొడుకు దొంగే అవుతాడు - 1951 నాటి ‘ఆవారా’లో జడ్జి రఘునాథ్ సిద్ధాంతం యిది. అబ్బాస్, సాఠేల కథంతా దీన్ని ఖండించడానికే. మరి నాట్యం రక్తంలో వుండాలనే మన పండితులు ఆ జడ్జికి దాయాదులు కారా?

ఆ చిత్రంలోని స్వప్నఘట్టానికి నృత్యం కూర్చింది మదాం సిమ్కీ. అసలు పేరు సిమోన్ బార్బియే, ఫ్రెంచి స్త్రీ. 1930లలో ఉదయశంకర్ సరసన పార్వతిగా దేశదేశాల్లో ఆడింది. శంకరన్ నంబూద్రి కథకళి, కందప్ప పిళ్ళై భరతనాట్యం, అమోబీ సింగ్ మణిపురి చెప్పిన అల్మోరా కేంద్రంలో తానూ నేర్పింది. పార్వతి ఆమెకు పుట్టుకతో రాలేదు. ఒళ్ళు వంచితే వచ్చింది. (చిన్ననాటినుంచి గురువు దగ్గర పెరగని ఉదయశంకర్‌కు మాత్రం పుట్టుకతో వచ్చిందా?)

అలాగని ఆ స్వప్నమంతా మెచ్చలేను. మంటల మధ్య భూతాలు రాజును చుట్టుముట్టే నరకంలో ప్రతి కదలికకూ కారణముంది. వెలిపడ్డవాడి భయం శరీరాల్లోకి దిగింది. మబ్బుల్లో నర్గీస్ కనిపించే స్వర్గమో, క్యాలెండరు బొమ్మ. నర్తకీ బృందం అక్కడ వట్టి అలంకారం. నింద అంతా సిమ్కీదే అనను. సెట్ల ఆర్భాటానికీ అందులో వాటా వుంది. జగ్గా కత్తి పట్టుకొని ఎదుట నిలిచాకగాని రాజు మళ్ళీ మనవాడు కాడు.