నేల తెలిసిన పాదం

పాదం పనితనం తేల్చుకోవాలంటే పల్నాడు నేల చాలు. వాన పడితే నల్లరేగడి మడమను పట్టుకుని వదలదు. మాచర్ల వైపు ఇళ్లలో తడిసిన నాపరాయి మీద కాలు నిలవదు. మిరప చేలో కలుపు తీయాలంటే గొంతుక్కూర్చుని సాలు పొడవునా జరుగుతూ పోవాలి. అన్నానికి బాసింపట్టు వేయాలి, గుడి ముందు చెప్పులు విడవాలి. కాలు పోగొట్టుకున్న మనిషికి ఇవన్నీ చేయనిచ్చే పాదం కావాలి. దాన్ని చేసేవాడు కాలితో పాటు ఆ మనిషి బతుకునూ కొలవాలి.

అలా కొలిచిన ఇద్దరి పని చెప్పుకోదగింది. 1960ల్లో మన ఆసుపత్రుల్లో పెట్టిన కృత్రిమ పాదం పడమటి దేశాల నమూనా. బూటులో ఒదగడానికి చేసింది. లోపల పొడవాటి చెక్క ఉండటంతో వంగేది కాదు, తడిస్తే పాడయ్యేది. దాన్ని పెట్టించుకుని వెళ్లినవాళ్లు కొన్నాళ్లకు మూలన పడేసి మళ్లీ చంకకర్రలు అందుకుంటున్నారని జైపూర్ సవాయి మాన్‌సింగ్ ఆసుపత్రి ఎముకల వైద్యుడు పి.కె. సేథీ గమనించారు. లోపం పాదంలోనే ఉందని గ్రహించారు. ఆయనకు తోడు దొరికినవాడు రామచంద్ర శర్మ. బడి చదువు తక్కువ, చేతి విద్య ఎక్కువ. లారీ టైరుకు రీట్రెడింగ్ చేస్తుంటే చూసి, పాదాన్నీ అలాగే రబ్బరుతో ఉడికించి తీయవచ్చని శర్మకు తట్టిందని చెబుతారు. 1968 నాటికి జైపూర్ పాదం రూపు కట్టింది. సేథీకి 1981లో మెగసెసే అవార్డు వచ్చింది.

ఆ పాదాన్ని నిలువునా కోసి చూస్తే అసలు నేర్పు కనబడుతుంది. లోపల మూడు ముక్కలు. చీలమండ చోట చిన్న చెక్క దిమ్మ, దానిలోంచి పైకి కాలికి బిగించే బోల్టు. మడమకొకటి, ముందుపాదానికొకటి మెత్తటి స్పాంజి రబ్బరు ముక్కలు. మూడింటినీ టైరులో ఉండేలాంటి గట్టి దారపు పేటల రబ్బరుతో చుట్టి, పైన చర్మం రంగు రబ్బరు తొడిగి, పాదం ఆకారపు లోహపు అచ్చులో బిగించి ఉడికిస్తారు. కిటుకంతా ఆ చెక్కను కురచ చేయడంలో ఉంది. దిమ్మ చీలమండ దగ్గరే ఆగిపోతుంది కాబట్టి మిగతా పాదం ఎటు కావాలంటే అటు లొంగుతుంది. గట్టు వాలుగా ఉంటే పక్కకు ఒరుగుతుంది, కూర్చోబోతే వంగుతుంది. పైన రబ్బరు తొడుగు ఉంది గనుక బురదలో దిగినా భయం లేదు. ఇక మిగిలిన కాలిని పట్టుకునే సాకెట్‌ను నీళ్ల పైపులు చేసే హెచ్‌డీపీఈ ప్లాస్టిక్‌తోనే చేస్తారు. కాలికి తీసిన ప్లాస్టర్ నమూనా మీద వేడి చేసిన గొట్టాన్ని తొడిగి, గాలి లాగేసి అతికినట్టు దింపుతారు.

ఈ పాదాన్ని తెలుగువాళ్లు తెర మీద చూశారు. 1981లో తిరుచిరాపల్లి దగ్గర బస్సు ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న సుధాచంద్రన్, జైపూర్ కాలితో మళ్లీ గజ్జె కట్టారు. ఆమె కథనే సింగీతం శ్రీనివాసరావు ‘మయూరి’గా తీస్తే ఆమే నటించారు.

హైదరాబాద్‌లోనూ ఇలాంటి పని ఒకటి జరిగింది. నిమ్స్ ఆసుపత్రిలో పిల్లలు మూడు కిలోలకు పైబడిన ఇనుప క్యాలిపర్లను ఈడ్చుకుంటూ నడవడం చూసి అబ్దుల్ కలాం, అగ్ని క్షిపణి కోసం రూపొందిన తేలికపాటి పదార్థంతో మూడు వారాల్లో 300 గ్రాముల క్యాలిపర్లు చేయించారు. అవి పోయిన కాలికి బదులు పెట్టేవి కావు, బలం లేని కాలికి ఊతం. అయినా పద్ధతి అదే. ముందు నడక చూశారు, తర్వాత వస్తువు చేశారు.

కృత్రిమ అవయవాల తయారీలో ఇప్పుడు వస్తున్న వర్చువల్ రియాలిటీ పద్ధతిని ఈ వరసలోనే చూడాలి. చేయి పోయిన మనిషి కళ్లకు హెడ్‌సెట్ పెట్టుకుంటాడు. మిగిలిన చేతి కండరాల మీద అంటించిన ఎలక్ట్రోడ్లు, పిడికిలి బిగించాలని అతను అనుకున్నప్పుడు పుట్టే సన్నటి విద్యుత్తును పసిగడతాయి. హెడ్‌సెట్‌లో కనబడే చేయి ముడుచుకుంటుంది. గ్లాసు అందుకోబోతే వేళ్లు పొట్టివయ్యాయా, మణికట్టు తిరగలేదా అన్నది అక్కడే తేలిపోతుంది. అతను చెబుతుంటే రూపశిల్పి కంప్యూటర్‌లో బొమ్మను అక్కడికక్కడే సరిచేస్తాడు. అచ్చు పోయకముందే, ప్లాస్టిక్ వృథా కాకముందే పది రకాలు తొడిగి చూడవచ్చు. వాడేవాడి మాట చివర్లో ఫిర్యాదుగా కాక మొదట్లోనే కొలతగా చేరుతుంది. తెర మీది చేతితో ఇంకో మేలూ ఉంది. లేని చేయి నొప్పెడుతూ ఏ మందుకూ లొంగని 14 మందికి, తెరపై తమ చేతిని తామే కదిలించే సాధనతో నొప్పి బాగా తగ్గిందని స్వీడన్ పరిశోధకులు 2016లో ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటించారు.

అయితే హెడ్‌సెట్‌లో బరువు తెలియదు. ఎండలో సాకెట్ లోపల పట్టే చెమట తెలియదు, సాయంత్రానికి చర్మం ఒరుసుకుపోయే మంట తెలియదు. అందుకు ప్లాస్టర్ పట్టే చేయి, ‘ఎక్కడ నొక్కుతోందమ్మా’ అని అడిగే నోరు ఉండి తీరాలి. ఇంకో సంగతి, ఆ తెర మీద ఎవరి ఇల్లు చూపిస్తున్నారన్నది. తలుపు గుబ్బ, ఫోర్కు, కాఫీ కప్పు మాత్రమే పెడితే మళ్లీ బూటులో పాదం కథే.

నరసరావుపేటకో గురజాలకో రేపు ఈ పరికరం తెచ్చేవాళ్లకు ఒక్క మనవి. ముందు ఒక పూట మిరప కల్లంలో కూర్చోండి. తాలుకాయలు ఏరే వేళ్లను, చెంబు ఎత్తే మణికట్టును, గట్టు దిగే మడమను చూడండి. ఆ తర్వాతే కంప్యూటర్ తెరవండి.