కావ్యంలో వేటకాని వంటయిల్లు

ఉడుతను మన కవిత్వం భక్తునిగా ఎరుగును. 13వ శతాబ్దపు రంగనాథ రామాయణంలో అది ఇసుకలో పొర్లి సేతువుకు సాయపడినది. రాముడు దాని వీపు నిమిరినాడు. ఆ ఉడుతయే అడవిలో ఒక బీద కుటుంబానికి ఒక పూట కూర కావచ్చునన్న సంగతి మాత్రం మన కావ్యాలకు అంతగా పట్టలేదు. రాజుల వేటను వర్ణించిన ప్రబంధకవులకు కుక్కలు, వలలు, పందిపోట్లు ముఖ్యం. కూలిన జంతువును కూరగా మార్చే పని సాధారణంగా వారి చూపుకు దూరం.

ఈ మర్యాదను దాటినవాడు ధూర్జటి. శ్రీకాళహస్తి మాహాత్మ్యంలోని తిన్నడు వేటాడి ఊరకుండడు. మాంసం కాలుస్తాడు, రుచి చూస్తాడు, మంచి ముక్కలు ఏరి దొప్పలో శివునికి తెస్తాడు. తిన్నని భక్తిని అమాయకమని మెచ్చుకొనుట మన విమర్శకు అలవాటు. నాకది సరిగా తోచదు. ఏ ముక్క మంచిదో ఎరుగుట అజ్ఞానం కాదు, విద్య. ఆ విద్యనే అతడు పూజగా చేసినాడు.

నేను నివసించే ఈ హిజ్లీ మేదినీపూర్ సీమలోనిది. ఈ సీమలోనే, ఆరడా గ్రామంలో, 16వ శతాబ్దం చివర ముకుందరామ చక్రవర్తి చండీమంగళం రచించినాడు. అందులోని కాలకేతువూ వేటకాడే. ఒకనాడు వేట దొరకక, దారిలో కనబడిన ఉడుమును కట్టి ఇంటికి తెస్తాడు. అది మారువేషంలోని చండి. పొరుగింట నూకలు చేబదులు తెమ్మనీ, ఉడుము తోలు ఒలిచి చువ్వకు గుచ్చి కాల్చుమనీ భార్య ఫుల్లరకు చెప్పుతాడు. తిన్నని మాంసం దేవునికి చేరినది. ఫుల్లర మాంసం అంగడికి పోవలెను. వైశాఖంలో జనం శాకాహారులు. ఆశ్వయుజంలో ఇంటింటా దేవీప్రసాదపు మాంసమే. కొనేవారు లేరు. ధూర్జటి చూడని ఆకలి ఇక్కడ కనబడుచున్నది.

ఈ ఘట్టాన్ని తెలుగు చేయబూని, మొదట ‘శూల్యమాంసం’ అని వ్రాసినాను. ఫుల్లర ఇంట ఆ మాట నిలువలేదు. ఖరగ్‌పూర్ రైల్వే వాడలో స్థిరపడిన శ్రీకాకుళపు వృద్ధురాలొకామెను అడిగినాను. “చిన్న జంతువుకు కత్తి తక్కువ బాబూ, వేళ్లు ఎక్కువ. చేదుతిత్తి చిట్లిందా, కూరంతా పాడే” అన్నది. నిఘంటువులో నాకు దొరకని తెలుగు ఆమె నోట దొరికినది.

ఈ అడవుల లోధాలను పరప్రభుత్వం నేరస్థ జాతుల పట్టికకు ఎక్కించినది. 1952లో గాని ఆ ముద్ర తొలగలేదు. ముకుందుని వ్యాధకథను మహాశ్వేతాదేవి ‘వ్యాధఖండ’ నవలలో మరల చేపట్టుటకు కారణం ఊహింపవచ్చును. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన పిదప ఉడుమును పట్టుట నేరం. అది ఉచితమే, వేట తిరిగి రావలెనని నేను కోరను. కాని వేటతోపాటు దాని మాటలు కూడా పోనక్కరలేదు. చేతిపని ఆగినప్పుడు దాని జ్ఞానానికి భాషయే చివరి ఇల్లు. ఆ ఇంటిని సంస్కృత సమాసాలతో మూసివేసే అనువాదకుడు ఫుల్లరను రెండవమారు అంగడినుండి ఉత్తచేతులతో పంపినవాడగును.