ఇద్దరు ఉపాధ్యాయులకు రెండు సన్మాన పత్రాలు

ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో పదవీ విరమణ సభకు దాదాపు మార్పులేని క్రమం ఒకటి ఏర్పడి ఉంది. పాఠశాల ఆవరణలో షామియానా వేసి, సహోద్యోగులు, పూర్వ విద్యార్థులు, ఉపాధ్యాయ సంఘాల నాయకులు, బంధువులు కూడిన వేళ, విరమణ పొందేవారిని జీవిత భాగస్వామితో కలిపి వేదికమీద కూర్చోబెట్టి, పూలమాల వేసి, శాలువా కప్పి, అద్దం బిగించిన సన్మాన పత్రాన్ని చదివి చేతికి అందిస్తారు. సన్మాన పత్రమంటే ఒకరి సేవను సభాముఖంగా కొనియాడే చిన్న వచన రచన. దానిని రాసే బాధ్యత చాలా చోట్ల ఆ పాఠశాల తెలుగు ఉపాధ్యాయులమీదే పడుతుంది. ఈ ఆచారంలో ఉన్న ఆత్మీయత నిజమైనదే. అయితే వేదికమీద పక్కన కూర్చున్న భార్య కూడా అదే వృత్తిలో మూడు దశాబ్దాలు గడిపిన ఉపాధ్యాయురాలైనప్పుడు, ఇద్దరినీ ఒకే పత్రంలో ‘ఆదర్శ దంపతులు’గా కలిపేసే పద్ధతి ఆమె పనికి న్యాయం చేయదు.

దంపతులిద్దరూ ఒకే రోజున విరమణ పొందడం అరుదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 జనవరి నుంచి పదవీ విరమణ వయసు 62 ఏళ్లు. ఆ వయసు నిండిన నెలలో చివరి రోజున ఉద్యోగం ముగుస్తుంది, పుట్టినతేదీ ఒకటో తారీఖైతే అంతకు ముందు నెల చివరి రోజునే ముగుస్తుంది. భర్త వయసులో పెద్దవాడు కావడం మామూలు కాబట్టి మొదటి సభ ఆయనదవుతుంది, అందులో ఆమె భార్యగా శాలువా కప్పించుకుంటుంది. కొన్నేళ్లకు ఆమె సభ వచ్చేసరికి, అప్పుడు చెప్పిన మాటలే మళ్లీ చెప్పి, ఆయనకూ మరో శాలువా కప్పి పంపుతారు. వేదికమీద ఇద్దరూ ఉండడంలో తప్పేమీ లేదు. ఆమె ఏ తరగతికి ఏ పాఠం ఎలా చెప్పిందన్నది రెండు సభల్లోనూ ఎవరూ పలకకపోవడమే బాధ కలిగించే విషయం.

శాంతిపురం వంటి మండలంలో ఈ లోటు మరింత పెద్దది. కుప్పం నుంచి పలమనేరు వెళ్లే దారిలో, ఒకవైపు తమిళనాడు, మరొకవైపు కర్ణాటక దగ్గరగా ఉన్న ఈ ప్రాంతంలో, ఇంట్లో తమిళమో కన్నడమో మాట్లాడి బడిలో తెలుగు చదివే పిల్లలు తరగతిలో ఉండడం కొత్త కాదు. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయానికి కుప్పం నెలవు కావడానికి ఈ భాషల కలయికే ఆధారం. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ అనే నాలుగు ధ్వనులకూ ఒకే అక్షరం సరిపోతుంది. పదంలో దాని స్థానాన్ని బట్టి క అనో గ అనో పలుకుతారు. ఆ అలవాటుతో వచ్చిన పిల్లవాడు తెలుగు రాసేటప్పుడు క బదులు గ, ద బదులు త రాస్తే, అది అతని భాష నియమాన్ని అనుసరించి చేసిన పని తప్ప అజాగ్రత్త కాదు. కన్నడం మాట్లాడే పిల్లకు చిక్కు మరోచోట ఉంటుంది: రెండు లిపులూ ఒకే మూలం నుంచి వచ్చినవి కాబట్టి అక్షరాలు త్వరగానే పట్టుబడతాయి, కాని చూడడానికి దాదాపు ఒకటిగా కనిపించే అక్షరాల మధ్య తలకట్టు దగ్గరి చిన్న తేడాలు ఆమెను తికమక పెడతాయి. ఎర్రసిరాతో సున్న చుట్టకుండా ఆ తప్పు ఎక్కడినుంచి వచ్చిందో పట్టుకుని, ఇద్దరికీ వేర్వేరుగా దిద్దే నేర్పు ఏ శిక్షణ కళాశాలా పూర్తిగా ఇవ్వలేనిది. సరిహద్దు పల్లెల్లో ఏళ్ల తరబడి పనిచేసిన తెలుగు ఉపాధ్యాయురాలి దగ్గర మాత్రమే అది దొరుకుతుంది. గణితం చెప్పే భర్తకు ఇదే తరగతిలో ఎదురయ్యే కష్టం వేరు. లెక్క తెలిసిన పిల్లవాడికి లెక్కలోని తెలుగు వాక్యం తెలియకపోవచ్చు. పదో తరగతి పరీక్షల ముందు సాయంత్రపు స్టడీ అవర్లు ఇద్దరికీ ఉంటాయి, కాని ఆ తర్వాత ఇంటి పని ఎక్కువగా ఒకరికే ఉంటుంది. ఇన్ని భిన్నమైన సంగతుల్ని ‘నిరాడంబరులు, విద్యార్థి వత్సలులు’ అనే రెండు విశేషణాలకు అప్పగించడం అన్యాయం.

భార్య పనిని విడిగా గుర్తించడం ఎందుకు అవసరమో చెప్పే గొప్ప ఉదాహరణ ఈ ప్రాంతపు చరిత్రలోనే ఉంది. ఐర్లండ్‌కు చెందిన, 1915లో భారతదేశానికి వచ్చిన జేమ్స్ కజిన్స్, మార్గరెట్ కజిన్స్ దంపతులు కొద్దికాలానికే మదనపల్లె చేరి, అనీ బిసెంట్ నెలకొల్పిన దివ్యజ్ఞాన కళాశాలతో తమ జీవితాన్ని ముడివేసుకున్నారు. డబ్లిన్‌లో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడిగా ఉండిన జేమ్స్ ఇక్కడ ప్రిన్సిపల్ అయ్యారు. మార్గరెట్ సంగీతంలో పట్టభద్రురాలు. మదనపల్లె స్త్రీలను కూడగట్టి అబలాభివర్ధినీ సమాజాన్ని నడిపారు, 1917లో అడయారులో భారత మహిళా సంఘం స్థాపనలో ముఖ్యపాత్ర వహించారు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ టాగోర్ ఆ కళాశాలలో బస చేసి ‘జనగణమన’ పాడి వినిపించినప్పుడు, ఆ బాణీని స్వరలిపిలో, అంటే రాగాన్ని మరొకరు చదివి పాడగలిగేలా గుర్తులతో రాసే పద్ధతిలో, నమోదు చేసింది మార్గరెట్. అతిథిని ఆహ్వానించిన ప్రిన్సిపల్ పేరు కళాశాల చరిత్రలో సహజంగానే ముందుంటుంది. తరగతులు దాటి దేశమంతటికీ చేరిన గీతానికి లిఖిత రూపం ఇవ్వడంలో పాలుపంచుకున్నది మాత్రం ఆయన పక్కన కూర్చున్న సంగీతజ్ఞురాలు. ఆమెను ప్రిన్సిపల్ గారి భార్యగా మాత్రమే గౌరవించి ఉంటే ఈ సంగతి ఏ పత్రంలోకీ ఎక్కేది కాదు.

ఆ దంపతులు తమ జీవితాన్ని తామే చెప్పుకున్న తీరు గమనించదగ్గది. 1950లో మద్రాసులో అచ్చయిన వారి ఆత్మకథ ‘వి టూ టుగెదర్’లో ఇద్దరూ వంతులవారీగా, ఎవరి మాటల్లో వారు రాశారు, ఒకే పుస్తకంలో కలిసి ఉన్నా ఒకరి గొంతులో మరొకరిది మునగలేదు. పక్షవాతంతో మంచాన పడిన మార్గరెట్‌కు మద్రాసు ప్రభుత్వం, ఆ తర్వాత జవహర్‌లాల్ నెహ్రూ ఆర్థిక సహాయం అందించింది ఈ దేశానికి ఆమె చేసిన సేవను గుర్తించే గాని, జేమ్స్ భార్య అయినందుకు కాదు. ఆమె 1954లో, జేమ్స్ 1956లో మరణించారు.

వేర్వేరు పత్రాలు రాయాలనడానికి మర్యాదతోపాటు మరో కారణం ఉంది. ఉపాధ్యాయుల నేర్పు రాతలోకి వస్తేనే తర్వాతివారికి అందుతుంది. మదనపల్లె సమీపంలోని రిషి వ్యాలీలో వై.ఎ. పద్మనాభరావు, ఎ. రమ దంపతులు పల్లెబడుల కోసం రూపొందించిన బోధనా పద్ధతి ఇందుకు సాక్ష్యం. పాఠ్యాంశాన్ని చిన్నచిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టుకు ఒక్కో కార్డు తయారుచేసి, పిల్లలు తమ వేగంతో నిచ్చెన ఎక్కినట్లు నేర్చుకునేలా వారు దానిని కూర్చారు. తరగతిగదిలో తెలిసినది కార్డుమీదకు వచ్చింది కాబట్టే అది కర్ణాటకలో ‘నలి కలి’ అనే బోధనా పద్ధతికి, తమిళనాడులో కృత్యాధార బోధనకు ప్రేరణ కాగలిగింది. శాంతిపురంలో విరమణ పొందే దంపతుల దగ్గరా ఇలాంటి జ్ఞానం ఉంటుంది. అది ఎవరి దగ్గర ఏ రూపంలో ఉందో తెలియాలంటే, పత్రం రాసేవారు ముందు వారి పాత పాఠ్య ప్రణాళికలు అడిగి చూడాలి, పూర్వ విద్యార్థులతో మాట్లాడాలి, ఆమె గురించి ఆయనను, ఆయన గురించి ఆమెను విడివిడిగా అడగాలి.

16,347 పోస్టులకు వెలువడిన 2025 డీఎస్సీ ద్వారా కొత్త ఉపాధ్యాయులు బడుల్లో చేరిన ఈ కాలంలో సభ క్రమాన్ని కొంచెం మార్చడం కష్టమేమీ కాదు. ముఖ్య అతిథుల ప్రసంగాలను కుదించి ఒక గంట మిగిల్చితే చాలు. అందులో ముందు అరగంట ఆమె తమిళం మాట్లాడే పిల్లలకు ద, త తేడా ఎలా చెప్పేవారో నల్లబల్లమీద చూపవచ్చు, తర్వాతి అరగంట ఆయన ఒక రాతలెక్కను ఎలా విడమరిచేవారో చూపవచ్చు. ముందు వరుస కుర్చీలు ఆ రోజు మండలంలో కొత్తగా చేరిన ఉపాధ్యాయులకు కేటాయించి, వారి చేతికి నోటు పుస్తకాలు ఇవ్వాలి. శాలువాలు ఆ పాఠాలు రెండూ ముగిశాక కప్పవచ్చు.