గుంటల లెక్క తెలిసిన ఫైలు

కోడ్ రాసే ఏఐ ఏజెంట్లను మెచ్చుకునేవాళ్లు ఎక్కువే. వాటికి దారి చెప్పే చిన్న ఫైళ్లను ఓపికగా దిద్దేవాళ్లను మాత్రం ఎవరూ పట్టించుకోరు. నా దృష్టిలో అసలు పనితనం ఆ దిద్దుబాటులోనే ఉంది. నల్లగొండ, పాలమూరు భూముల లెక్కలనే తీసుకోండి. పాసుపుస్తకంలో 2.30 అంటే రెండెకరాల ముప్ఫై గుంటలు. ఏజెంటు దాన్ని దశాంశం అనుకుని, 1.15 కలిపితే 3.45 వచ్చేలా ధీమాగా కోడ్ రాసేస్తుంది. ఎకరానికి 40 గుంటలు కాబట్టి రావాల్సింది 4.05. (గుంట తేడా వచ్చినా అన్నదమ్ములు పంచాయితీకెక్కే ఊళ్లు మనవి!) ఏజెంటుకు దారి చెప్పే స్కిల్.ఎండి (SKILL.md) ఫైల్లో ఒక్క వాక్యం, పక్కన ఈ కూడిక ఉంటే చాలు, ఏజెంటు దారిలో పడుతుంది. సర్వే నంబరు 118/అ లోని ‘అ’ను చెత్త అనుకుని చెరిపేయొద్దని ఇంకో వాక్యం. ఏజెంటు ముందుగా చూసేది ఫైలు పైనున్న పేరు, వివరణే; పని పడితేనే లోపలిది చదువుతుంది. అందుకే వివరణలో ‘భూమి లెక్కలు’ అని వదిలేయకుండా ‘పహాణీ, పాసుపుస్తకం, విస్తీర్ణం కూడేటప్పుడు’ అని రాసేవాడే నేర్పరి. రాయడం ఒక ఎత్తు, పాతవి తీసేయడం ఒక ఎత్తు. 2016లో తెలంగాణలో ఉమ్మడి జిల్లాలు విడిపోయాయి, 2025 ఏప్రిల్‌లో భూ రికార్డుల పోర్టల్ ధరణి స్థానంలో భూ భారతి వచ్చింది; ఫైల్లో పాత పేర్లే ఉంటే ఏజెంటు వాటినే నమ్ముతుంది. మీ ప్రాజెక్టులోనూ అలాంటి ఫైలుంటే, ధరణి పేరు ఇంకా ఎన్నిచోట్ల మిగిలిందో ఒకసారి వెతకండి.