కారెక్కిన సైకిళ్ళు

సైకిలు మనిషిని మోస్తుందని చిన్నప్పటి నించీ తెలుసు. టైరు పంక్చరైతే మనిషే సైకిల్ని మోసుకు రావాలనీ తెలుసు. కాని సైకిళ్ళని కారెక్కించి కొండల దాకా ఊరేగించడానికి వెయ్యి డాలర్లు పోసి ఓ సరంజామా కొంటారనీ, దాన్ని ఎంచుకోవడం పిల్లకి సంబంధం చూడ్డం కంటే కష్టమనీ పోయిన ఏడాది మా చెల్లెలింటికి డెన్వర్ వెళ్ళినప్పుడే తెలిసింది. అక్కడ దాన్ని ర్యాక్ అంటారు. పూర్వం మన అంబాసిడర్ కార్ల నెత్తిన హోల్డాళ్ళూ ట్రంకు పెట్టెలూ వేసి తాళ్ళతో బిగించే ఇనప చట్రం ఉండేది చూశారూ, కారియర్ అనేవాళ్ళం, ఇది దానికి మనవరాలనుకోండి.

ఇంతకీ నన్ను బయల్దేరదీసింది మా అమ్మ. "అది సైకిలు తొక్కడం మానేసిందిటే. ఒంట్లో ఎలా ఉందో ఓసారి చూసిరా" అంది. నిజమే. ముప్ఫై ఎనిమిదో ఏట కొండసైకిలు నేర్చుకుని, ప్రతి శనివారం ఇద్దరు స్నేహితురాళ్ళతో గోల్డెన్ దగ్గర కొండదారుల్లో తిరిగొచ్చి, మోకాళ్ళ మీద గీతలు ఫోన్లో గర్వంగా చూపించే మనిషి, ఏడాదిగా ఆ ఊసే ఎత్తడం లేదు. అడిగితే, "ఇంట్రెస్ట్ పోయిందక్కా" అంది. ఇంట్రెస్ట్ పోయిన మనిషి గరాజులో సైకిలు మీద దుప్పటి కప్పి, ఆ దుప్పటి వారానికోసారి దులుపుతుందా? నవలలు రాసేదాన్ని, ఆమాత్రం కనిపెట్టలేనా!

దుప్పటి తీసి, ఎంత బరువుంటుందో చూద్దామని పట్టుకుని ఎత్తబోయాను. లేవలేదు.

"50 పౌన్లక్కా" అంది. అంటే 22, 23 కిలోలు. మనం నెలసరుకుల్లో తెచ్చుకునే 25 కిలోల బియ్యం బస్తాకి అటూ ఇటూగా. దీనికింత ఒళ్ళెందుకొచ్చిందీ అంటే, అదో కథ. 1970లలో కాలిఫోర్నియాలో మరిన్ కౌంటీ కుర్రాళ్ళు పాత లావుటైర్ల సైకిళ్ళు పోగేసి, వాటిని ట్రక్కుల్లో కొండమీదికి తీసికెళ్ళి కిందికి దొర్లించేవారు. 1976లో పందేలు మొదలెట్టారు. ఒక్కసారి దిగేసరికి బ్రేకుల్లో గ్రీజు మాడిపోయేది. మళ్ళీ నింపాల్సొచ్చేదని ఆ దారికి రీపాక్ అనే పేరు పెట్టారు. ఆ ముచ్చట్లోంచే మౌంటెన్ బైక్ పుట్టింది. తర్వాత ముందూ వెనకా స్ప్రింగులొచ్చాయి, రెండున్నర అంగుళాల టైర్లొచ్చాయి, ఇప్పుడు కొన్నింటికి మోటారూ బ్యాటరీ కూడా వచ్చాయి. కండలు పెరిగాయి, బరువూ పెరిగింది. అన్నట్టు, కొండమీదికి వీటిని మోసే బెడద మొదటిరోజునించీ ఉన్నదే. ట్రక్కున్నవాడికి చింత లేదు. వెనక తలుపు మీద మందపాటి మెత్త వేసి, ముందు చక్రాలు దానిమీంచి బయటికి వేలాడేసి పోతాడు. చింతంతా కార్లవాళ్ళది.

మా మరిది చెడ్డవాడు కాదు. అదే చిక్కు. చెడ్డవాడైతే కథ సులువుగా నడిచేది. అయిదేళ్ళ కిందట పెళ్ళిరోజుకి చెల్లెలి కారు టాపు మీద ర్యాక్ పెట్టించింది అతనే. అప్పటి సైకిళ్ళు 30 పౌన్ల పైచిలుకు. తర్వాత ముచ్చటపడి ఇద్దరికీ మోటారు సైకిళ్ళు కొన్నదీ అతనే. మోటారు సైకిళ్ళంటే మన బుల్లెట్లు కావు లెండి, తొక్కుతూంటే సాయపడే బ్యాటరీ సైకిళ్ళు. ర్యాక్ మాత్రం పాతదే. ఈలోగా చెల్లెలికి కుడి భుజం పట్టేసింది. చెయ్యి పైకి లేవక, జడ వేసుకోలేక, జాకెట్టు తొడుక్కోలేక పడే బాధ నలభై దాటిన మనలో ఎంతమందికి తెలీదు! అయిదడుగుల ఒక్కంగుళం మనిషి, అయిదున్నర అడుగుల ఎత్తున్న కారు మీదికి బియ్యం బస్తా లాంటి సైకిలెత్తి, అది జారకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో బిగించాలి. అంచేత మొగుడు ఎత్తితేనే వెళ్ళాలి. మొగుడికి శనివారాలు డ్యూటీ. ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు. దుప్పటి కప్పేశారు, అంతే.

"నేనున్నాగా వదినా ఎత్తడానికి, చెబితే కదా" అన్నాడు మరిది.

"నువ్వున్నావు నాయనా. శనివారమే లేవు" అన్నాను.

ఇక కూర్చున్నాను కేటలాగులు ముందేసుకుని. నాకు ఫిజిక్స్ రాదు, బియ్యేలో చదివింది చరిత్రా సాహిత్యమూ. కాని ఒక పుస్తకం తను చెప్పాల్సింది చెప్పకుండా దాటేస్తే పట్టుకోవడం నాకలవాటు. ఈ కేటలాగులన్నీ ఒకే విషయం దాటేస్తున్నాయి. ప్రతి బొమ్మలోనూ ఓ ఆజానుబాహువు నవ్వుతూ సైకిల్ని పూలబుట్టలా ఎత్తుతుంటాడు. ర్యాక్ ఎంత మోస్తుందో పౌన్లతో సహా రాస్తారు. నేను చదివిన సమీక్షల్లో కూడా ఊగుతుందా, తాళం గట్టిదేనా, కారుకి అందమేనా అని నాలుగేసి పేజీలున్నాయి. దానిమీదికి ఎత్తే మనిషి ఎంత ఎత్తగలదీ, ఎంత ఎత్తుదాకా ఎత్తగలదీ అన్నమాట ఎక్కడా లేదు. మన వంటింటి అటకలు కట్టించిన మగవాళ్ళు గుర్తొచ్చారు. ఆవకాయ జాడీ ఎవరు దింపుతారో ఒక్కడూ అడగలేదు కదా!

టాపు మీది ర్యాక్‌కి మంచిగుణాలు లేవని కాదు. డిక్కీ హాయిగా తెరుచుకుంటుంది, నెంబరు ప్లేటు కనిపిస్తుంది. కాని చాలావాటిలో ఒక్కో సైకిలుకి 35 నించి 45 పౌన్లే హద్దు. కారు టాపుకీ వేరే హద్దుంది, చాలా కార్లకి ర్యాక్‌తో సహా 75 కిలోలో, అంతకన్నా తక్కువో. అంటే చెల్లెలి సైకిలు ఆ ర్యాక్ మీద ఎక్కనే కూడదు! ఏడాది పాటు ఆ పుస్తకం ఎవరూ తెరవలేదు. పైగా ఆ దేశంలో టాపు మీద సైకిలుందని మరిచిపోయి తిన్నగా గరాజులోకి నడిపేసినవాళ్ళ కథలు ఊరికి పది వినిపిస్తాయి.

డిక్కీ తలుపుకి కొక్కేలతో, బెల్టులతో తగిలించేది చవక. తేలిక సైకిళ్ళకి సరే, ఈ బరువుకి దాని మొహం చూడక్కర్లేదు. నిలువుగా, చక్రం పైకి పెట్టి వేలాడదీసేవి కెనడాలో వాంకూవర్ దగ్గర నార్త్ షోర్ కొండల వాళ్ళకి బాగా ఇష్టం. అయిదారు సైకిళ్ళు పడతాయి. కాని ముందు చక్రాన్ని రొమ్ము ఎత్తుకి లేపాలి. మళ్ళీ భుజమే.

తర్వాత, రెండు చేతులు చాపినట్టుండే ర్యాక్. సైకిల్ని బారు పట్టుకుని వేలాడదీస్తారు. దీనిమీద నాకు కోపమే వచ్చింది. బారు ఉంటేనే కదా వేలాడేది? లేడీస్ సైకిలుకి బారేదీ? దానికి విడిగా ఓ దొంగబారు కొని, సీటు కిందనించి హేండిల్ దాకా తగిలించాలిట. ఆ దొంగబారుకీ ఓ బరువు హద్దు. వెనక స్ప్రింగున్న కొండసైకిళ్ళకి బారున్నా వంకర్లు తిరిగి ఉంటుంది. కార్బన్‌తో చేసిన బారైతే గట్టిగా బిగిస్తే దెబ్బతింటుంది. దారిలో ఒకదాన్నొకటి రాసుకుంటాయి కూడాను.

మిగిలింది పీటలాంటిది. కారు వెనక అడుగున, ట్రెయిలరు తగిలించే చతురస్రపు గొట్టం బిగిస్తారు, దాన్ని హిచ్ అంటారు. అందులోకి ర్యాక్ కాడ దూరుస్తారు. సైకిళ్ళు మోకాలికి కాస్త పైయెత్తున, చక్రాల మీదే నిలబడతాయి. ఒక కొక్కెం ముందు టైరు మీంచి వచ్చి పట్టుకుంటుంది, వెనక చక్రానికి బెల్టు. బారుందా, లేడీసా జెంట్సా అని అడగదు. ఒక్కో సైకిలుకి 60 పౌన్లు, కొన్నింటిలో ఇంకా పైన మోస్తుంది. థూలే అనే స్వీడన్ కంపెనీ వీటిలో పేరున్నది. అది 1942లో మొదలైంది చేపలు పట్టే బోనులతోట! ఏది పట్టినా జారనివ్వకపోవడం వాళ్ళ వృత్తి కాబోలు.

ఇక్కడే ఫిజిక్స్ అడ్డొచ్చింది. గొట్టం రెండు కొలతల్లో దొరుకుతుంది, ఒకటీంపావు అంగుళం, రెండంగుళాలు. "సన్నది చాలుగా, చవక" అన్నాను. మరిది ఓపిగ్గా చెప్పాడు గాని నాకు నా పద్ధతిలోనే అర్థమైంది. నీళ్ళబిందె చంకన పెట్టుకుంటే వీధిచివరి దాకా నడుస్తాం. అదే బిందె చెయ్యి చాపి ముందుకి పట్టుకోమంటే? బరువు అదే, మణికట్టు విరుగుతుంది. రెండో సైకిలు కారుకి రెండుమూడడుగుల దూరంలో ఉంటుంది మరి. గతుకు వచ్చినప్పుడల్లా ఆ చాపిన చెయ్యి కుదుపు తినాలి. బరువు సైకిళ్ళకి లావు గొట్టమే నయం. సన్నదాన్ని లావుచేసే తొడుగులు అమ్ముతారు, వాటి జోలికి పోవద్దని చాలా ర్యాక్ పుస్తకాలే చెబుతున్నాయి.

లెక్క చూడాల్సింది మూడు చోట్ల, కారు పుస్తకంలో, గొట్టం మీద అంటించిన చీటీలో, ర్యాక్ పుస్తకంలో. మూడింటిలో ఏది చిన్నదైతే అదే చెల్లుతుంది. చెల్లెలి కారుకి 200 పౌన్లు. సైకిళ్ళు రెండూ 100, ర్యాక్ 60 పైచిలుకు. సరిపోయింది గాని మూడోదానికి చోటు లేదు. బ్యాటరీలు ఊడదీసి కారులో పెట్టుకుంటే ఒక్కోదానికి ఏడెనిమిది పౌన్లు తగ్గుతుంది.

మోకాలెత్తు కూడా ఆ భుజానికి ఎక్కువే. అప్పుడు దొరికింది ర్యాంపున్న పీట. పలక వాలుగా వేసి సైకిల్ని నడిపించుకుంటూ ఎక్కించడమే. కొట్లో కుర్రాడు "ఎన్ని సైకిళ్ళు? ఏ కారు?" అని మొదలెట్టాడు. "ముందు మా చెల్లెలి చెయ్యి ఎంత దాకా లేస్తుందో అడుగు బాబూ" అన్నాను. మంచివాడు, నవ్వలేదు. మా సైకిలే తెచ్చి ప్రయత్నించమన్నాడు. ఇది మాత్రం ఎవరైనా చెయ్యాల్సిన పని. కొట్లో తేలిక సైకిలు పెట్టి చూపిస్తే అది పెళ్ళిచూపుల కాఫీ లాంటిది. మా సైకిలు హేండిలే 31 అంగుళాలు. రెండోదాని సీటుకి తగులుతుందో లేదో అక్కడే తేలింది.

ఆ బ్యాటరీ సైకిలుకి ఓ బొత్తాముంది. నొక్కి పట్టుకుంటే పక్కన నడిచే మనిషితో సమానంగా అదే మెల్లిగా కదుల్తుంది. చెల్లెలు ఎడంచేత్తో హేండిల్ పట్టుకుని బొత్తాం నొక్కింది. సైకిలు గేదెదూడలా తలూపుకుంటూ పలక మీదినించి ఎక్కేసింది. అది వెంటనే దింపి, మళ్ళీ ఎక్కించింది. మళ్ళీ దింపింది. మూడోసారి కుర్రాడు పక్కకెళ్ళి నిలుచున్నాడు.

విమర్శకురాలిని గనక లోపాలూ చెప్పాలి. ర్యాక్ బరువే 60 పౌన్ల పైన, మరి దాన్ని కారుకి తగిలించేదెవరు? మరిదే. నెలల తరబడి కారుకే ఉంచెయ్యాలి. డిక్కీ తెరవాలంటే ర్యాక్‌ని వెనక్కి వంచొచ్చు. కాని రెండు సైకిళ్ళూ ఉండగా వంచితే మళ్ళీ లేపడం చెల్లెలి వల్ల కాదు. అన్నం డబ్బాలు వెనక సీట్లోనే పెట్టుకోవాలి. నెంబరు ప్లేటు కప్పేస్తుంది, చాలా రాష్ట్రాల్లో అది తప్పు. కంకర రోడ్డెక్కాక ఆగి బెల్టులు చూసుకోవాలి. హిచ్‌తో కలిపి ఖర్చు వెయ్యి డాలర్లు దాటింది. "పాత ర్యాక్ ఉండగా..." అని మరిది సణిగాడు. ఆ సైకిళ్ళకి ఎంత పోశావయ్యా అని నేనడగలేదు. చెల్లెలు అడిగింది.

నేను తిరిగొచ్చిన రెండు నెలలకి ఫోన్ చేసింది. ఆ ముందు శనివారం నార్త్ టేబుల్ మౌంటెన్‌కి వెళ్ళారుట. పడిందిట కూడా. గీత చూపించింది.

"మరి మీ ఆయనేమన్నాడే?"

"ఏమంటారు, ర్యాక్ మడిచినా అడుగు పైచిలుకు బయటికొచ్చి గరాజు తలుపు పడ్డం లేదక్కా. నా కారు ఐమూలగా పెట్టాల్సొస్తోంది. దాంతో ఆయన కారుకి చోటు లేదు."

"అయితే?"

"బయటుంది. నిన్న రాత్రి మంచు పడింది. ఉండు, గీకుతున్నారు, టీ ఇచ్చొస్తా."