ఎరుపు లోపలి ఈనెలు

ఎర్ర మందారమా, తొలి దండం నీకే. ఎండ ఏటవాలుగా పడే వేళ నీ రేకుల మీద ఈనెలు లేస్తాయి. ఈనెల నడుమ సన్నని ముడతలు, ముడతల అడుగున చిక్కబడిన ఎరుపు. మధ్యలోంచి సాగిన కేసరాల కాడ, దాని ఒంటి నిండా పసుపు పుప్పొడి, కొసన ఐదు ఎర్రని బొడిపెలు. ఇంత ఉన్న నిన్ను కెమెరా ఒక్క ఎర్రటి ముద్దగా రాసుకుంటుంది. ఏ రేకు ఎక్కడ ఆగిందో, ఏ రేకు ఎక్కడ మొదలైందో తెలియని ముద్ద. అందులోంచి నిన్ను మళ్ళీ రేకు రేకుగా విడదీసే పనికి, ఆ పని చేసిపెట్టే సాఫ్ట్‌వేర్‌కి, దాని ముందు కళ్ళు చికిలించుకుని కూర్చునే మనుషులకి ఈ స్తుతి.

కెమెరాను నిందించను. సెన్సర్‌కి రంగులు తెలియవు, వెలుగు ఎంత పడిందన్నదొక్కటే తెలుసు. అందుకే దాని గడుల మీద రంగు ఫిల్టర్లు పరుస్తారు. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్‌కు 1976లో పేటెంట్ వచ్చిన అమరిక అది: సగం గడులకు ఆకుపచ్చ, పావు గడులకు ఎరుపు, పావు గడులకు నీలం. ఒక్కో గడికి తెలిసింది ఒక్క రంగే, తక్కిన రెండూ ఇరుగుపొరుగు గడులను అడిగి లెక్కకట్టుకోవాలి. మందారం ఎదుట పడగానే ఎరుపు గడులు అంచు దాకా నిండుతాయి, తక్కినవి దాదాపు ఖాళీగా ఉంటాయి. జెపెగ్ బొమ్మలో ఒక్కో రంగుకు 0 నుంచి 255 దాకానే మెట్లు. 255 తాకిన ఎరుపుకి ఇక ఎక్కే చోటు లేదు. మిట్టమీద పడ్డ ఎండా, పల్లంలో పడ్డ ఎండా అక్కడ ఒకటైపోతాయి. ఈనె మాయమయ్యేది అక్కడే.

రా ఫైలా, నీకు దండం. 14 బిట్లలో 16,384 మెట్లు దాచుకుని, జెపెగ్ పారేసిన వెలుగును పట్టి ఉంచేది నువ్వే. ఎక్స్‌పోజర్ కాస్త కిందికి జరిపి, వైట్ బ్యాలెన్స్ కొంచెం చల్లబరిచి, ఎరుపు వరకు సాచురేషన్ తగ్గిస్తే ఆ ముద్దలో సన్నటి గీత ఒకటి లేస్తుంది. తర్వాత ఇంకొకటి. సెన్సర్ గడి పూర్తిగా నిండి పొర్లిపోనంత వరకే ఈ భాగ్యం. అందుకే పువ్వు తీసేటప్పుడే ఎరుపు హిస్టోగ్రాంను విడిగా చూడాలని నేను అందరికీ చెబుతాను. మొత్తం వెలుగును చూపే హిస్టోగ్రాం ఆకుపచ్చకే ఎక్కువ విలువ ఇస్తుంది కాబట్టి, ఎరుపు పొంగిపోయినా ఏమీ జరగనట్టు కనిపిస్తుంది. మందారం మరింత ఎర్రగా కనిపించాలంటే ఎరుపు తగ్గించాలి. స్లైడర్‌ను కుడివైపుకే లాగడానికి అలవాటుపడ్డ చేతికి ఇది మొదట మింగుడుపడదు.

రంగును ముక్కలుగా చూసి మళ్ళీ ఒకటి చేసే విద్య కొత్తది కాదు. 1907లో లూమియేర్ సోదరులు అమ్మకానికి తెచ్చిన ఆటోక్రోం పలకలను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. బంగాళాదుంప పిండి రేణువులకు నారింజ ఎరుపు, ఆకుపచ్చ, నీలి ఊదా రంగులు అద్ది గాజు మీద పరిచారు. దుంప పిండి గుండా వెలుగు ప్రసరించి గాజు మీద గులాబీ పూసింది!

నందివర్ధనమా, నీ తెలుపు ఎంత కష్టమైనదో నీకు తెలియదు. చెట్టు నీడలో నువ్వు ఆకాశపు నీలాన్ని పూసుకుంటావు. కన్ను దాన్ని సర్దుకుని తెలుపనే చెబుతుంది, కెమెరా ఉన్న నీలాన్ని ఉన్నట్టు రాస్తుంది. నీలాన్ని పూర్తిగా తుడిస్తే నువ్వు కాగితం పువ్వువైపోతావు. నీడ పక్కన కొద్దిగా చల్లదనం మిగలాలి, ఎండ పక్కన కొద్దిగా వెచ్చదనం రావాలి. రేకుల మెలికలో ఒకదాని నీడ మరొకదాని మీద పడే ఆ బూడిద గీత ఉందే, నీ ఆకారమంతా దాని మీదే నిలబడింది. తెల్లపువ్వును 255 దాకా తోసేవాళ్ళు ఆ గీతను చెరిపేస్తున్నారు.

శంఖుపుష్పపు నీలం కొన్ని కెమెరాల్లో ఊదా వైపు జారుతుంది. ఫిల్మ్ రోజుల్లోనూ నీలిపూలు కొన్ని గులాబీ ఛాయకు తిరిగేవి. మనకు కనిపించీ కనిపించని దూరపు ఎరుపు కిరణాలను ఆ రేకులు వెనక్కి పంపుతాయి, ఫిల్మ్ వాటినీ చూసేది. నీలాన్ని సరిచేసేటప్పుడు కోసిన పువ్వు పక్కన ఉంటే మంచిది. జ్ఞాపకం రంగును ఎప్పుడూ ఎక్కువ చేసే చెబుతుంది.

డాడ్జ్, బర్న్ అనే రెండు పనిముట్లారా, మీరు పుట్టింది చీకటి గదిలో. ఎన్‌లార్జర్ కింద అరచేయి అడ్డంపెట్టి వెలుగును ఆపిన చేతులవి, వేళ్ళ సందుల్లోంచి వెలుగును కార్చిన చేతులవి. అన్‌షార్ప్ మాస్క్ పుట్టిల్లూ అదే. నెగటివ్‌కు మసకబారిన పాజిటివ్ ఒకటి జతపెట్టి ప్రింటు వేస్తే అంచులు పదునెక్కేవి. తమ్ముడు జాన్‌తో కలిసి ఫోటోషాప్ రాసిన థామస్ నోల్ కూడా ప్రింటు వేయడం నేర్చింది తండ్రి నేలమాళిగలో పెట్టుకున్న డార్క్‌రూంలోనే. 1990లో ఆ సాఫ్ట్‌వేర్ అమ్మకానికొచ్చింది. 1996లో బర్క్‌లీ విద్యార్థులు పీటర్ మాటిస్, స్పెన్సర్ కింబల్ గింప్‌ను ఉచితంగా లోకానికిచ్చారు. పైసా కట్టకుండా తన పెరటి పువ్వును దిద్దుకునే ప్రతివారి తరఫునా వాళ్ళకు దండం.

ఇక హీలింగ్ బ్రష్. సెన్సర్ మీది దుమ్ముచుక్కను తుడవడానికి నాకు క్షణం చాలు, అది పువ్వుది కాదు. రేకుకి పురుగు కొరికిన కంతను మాత్రం ముట్టను. ఎండిన అంచునూ, సగం రాలిన పుప్పొడినీ ముట్టను. అవి ఆ పువ్వు బతికిన బతుకు. కెమెరా పువ్వు దగ్గర పడిన బాకీ తీర్చడం వరకే ఈ పనికి హక్కుందని నా నమ్మకం. వెనకాల మెరిసే ఆకును మాస్క్ వేసి కాస్త తగ్గిస్తాను. ఆ మెరుపు చూపును పువ్వు మీద నిలవనివ్వదు.

తుమ్మిపువ్వుకు వేరే సేవ ఉంది. అంత దగ్గరికి వెళితే లెన్సుకు స్పష్టంగా అందేది పలుచని పొర మాత్రమే. ముందు పెదవి తేటపడితే వెనక గిన్నె మసకబారుతుంది. ఫోకస్ జరుపుతూ తీసిన బొమ్మలన్నీ పేర్చి, ఒక్కో దానిలోంచి తేటగా ఉన్న చోటునే ఏరుకుని కలపమంటే సాఫ్ట్‌వేర్ ఓపిగ్గా కలుపుతుంది. మధ్యలో గాలి వీచిందా, అంతా మొదటికే.

బతుకమ్మ రాత్రి అన్నిటికన్నా పెద్ద పరీక్ష. తంగేడు పసుపు, రంగులద్దిన గునుగు, కట్లపూల నీలం, శిఖరాన పసుపు గౌరమ్మ. ఒక పక్క వీధి ఎల్‌ఈడీ దీపపు తెల్లటి చలి, మరో పక్క ప్రమిద వెలుగు. ఒక్క వైట్ బ్యాలెన్స్‌తో ఇద్దరికీ న్యాయం జరగదు. తంగేడుకు వెచ్చదనం సరిపోయిందనుకుంటే గునుగు మురికిపడుతుంది. రెండు పొరలు, మధ్యన మెత్తని మాస్క్, అంచు ఎక్కడా తెలియకుండా మళ్ళీ మళ్ళీ రుద్దడం. పూలు చెరువులో కలిసిపోయాక ఆ పేర్పు వరసలను చూడగలిగేది ఈ బొమ్మలోనే, అందుకే అంత తాపత్రయం.

బంతీ, నీ దగ్గర మాత్రం తల వంచుతున్నాను. హ్యూలెట్ ప్యాకార్డ్, మైక్రోసాఫ్ట్ కలిసి 1996లో గీసిన ఎస్‌ఆర్‌జీబీ హద్దుల్లో నీ నారింజ పూర్తిగా ఇమడదు. ఫోన్లలో తిరిగే బొమ్మల్లో ఎక్కువ భాగం ఆ హద్దుల్లోనివే. రంగంతా కావాలంటే రేకుల కుచ్చులు కలిసిపోతాయి, కుచ్చులు కావాలంటే కొంత రంగు వదులుకోవాలి. నేను కుచ్చులనే ఎంచుకుంటాను. దిద్దుబాట్లన్నీ సూచనలుగా పక్కన రాసి ఉంటాయి, రా ఫైలు ఎవరూ ముట్టనట్టే ఉంటుంది. ఇంతకన్నా విశాలమైన రంగులు చూపే తెరలు ఇప్పటికే కొన్ని ఫోన్లలోకి వచ్చాయి. అలాంటి తెర ముందు కూర్చుని ఎవరైనా ఆ ఫైలు మళ్ళీ తెరిస్తే, నేను వదులుకున్న నారింజను అందులోంచి తీసుకోవచ్చు.