తండ్రి నిప్పు, కొడుకు మంటలు

‘ద ఫైర్‌మన్’ నవల ముందు పేజీల్లోనే జో హిల్ నవ్వుతూ దొంగతనం ఒప్పుకుంటాడు. పేరు రే బ్రాడ్‌బరీ దగ్గర కొట్టేశాడట, మిగిలిందంతా నాన్న దగ్గర కొట్టేశాడట. ఆ నాన్న స్టీఫెన్ కింగ్. హిల్ అసలు పేరు జోసెఫ్ హిల్‌స్ట్రామ్ కింగ్. తండ్రి పేరు చెప్పుకుని పైకి రావడం ఇష్టం లేక ఇంటిపేరు వదిలేసి రాయడం మొదలుపెట్టాడు. చుట్టరికం లోకానికి తెలిసిపోయాక ఇక మొహమాటం ఎందుకనుకున్నాడు కాబోలు.

ఈ ఒప్పుకోలు చూసి చాలామంది ‘ద ఫైర్‌మన్’ (2016)ను కింగ్ రాసిన ‘ద స్టాండ్’ పక్కన పెట్టి చదివారు. రెండింట్లోనూ దేశాన్ని ఊడ్చేసే మహమ్మారి ఉంది. రెండింట్లోనూ చెవులు వినపడని నిక్ అనే పాత్ర ఉంది. పోలిక సరైనదే. అయితే నాకు ఈ నవల పక్కన పెట్టాలనిపించే పుస్తకం ‘ఫైర్‌స్టార్టర్’ (1980). మనిషి ఒంట్లోంచే నిప్పు పుడితే ఏమవుతుందని తండ్రి వేసిన ప్రశ్ననే ముప్ఫయ్యారేళ్ల తర్వాత కొడుకు మళ్లీ వేశాడు. తండ్రి నిప్పును ఒక్క పిల్ల చేతికి ఇచ్చాడు, కొడుకు ఊరందరికీ పంచాడు. పంచేసరికి ఏం పెరిగింది, ఏం తరిగింది అన్నదే ఇక్కడ చూడాల్సింది.

‘ఫైర్‌స్టార్టర్’లో ‘షాప్’ అనే ప్రభుత్వ రహస్య సంస్థ 1969లో కాలేజీ విద్యార్థులకు తలా రెండు వందల డాలర్లు ఇచ్చి ‘లాట్ సిక్స్’ అనే మందు ఎక్కిస్తుంది. ఆ ప్రయోగంలో పరిచయమైన ఆండీ, విక్కీ పెళ్లి చేసుకుంటారు. వాళ్ల కూతురు చార్లీ. ఆమె తలుచుకుంటే ఎదుట ఉన్నది అంటుకుంటుంది. ఇదంతా కింగ్ గాలిలోంచి తీసింది కాదు. సీఐఏ మనుషుల మీద ఎల్‌ఎస్‌డీ ప్రయోగాలు చేసిన సంగతి 1975లో అమెరికా సెనేట్ విచారణలో బయటపడింది. నవల వచ్చేసరికి ఆ మంట ఇంకా ఆరలేదు.

కథ మొదట్లో ఒక చిన్న ఘట్టం ఉంది. నా లెక్కలో పుస్తకం మొత్తానికీ అదే తాళంచెవి. తండ్రీకూతుళ్లు షాప్ నుంచి పారిపోతున్నారు. ఆండీకి ఎదుటివాళ్ల మనసును తోసే శక్తి ఉంది. ఒక డాలరు నోటును ఐదు వందల నోటుగా నమ్మించి టాక్సీలో ఆల్బనీ విమానాశ్రయం చేరతాడు. అక్కడ టెలిఫోన్ పెట్టెల్లోంచి చిల్లర రాల్చే పని చార్లీది. పక్కనే ఒక సైనికుడు, కడుపుతో ఉన్న తన ప్రియురాలితో నిర్దయగా మాట్లాడుతున్నాడు. పిల్లకి కోపం వచ్చింది. అతని బూట్లు అంటుకున్నాయి. అతను కేకలు పెడుతూ ఆడవాళ్ల బాత్‌రూమ్‌లోకి పరుగెత్తి కాళ్లు నీళ్లలో ముంచాడు. ఎవరూ చావలేదు. వేరే రచయిత అయితే ఇది నవ్వులాటగా వదిలేసేవాడే. కింగ్ మాత్రం ఆ తర్వాత చార్లీ ఏడుపు దగ్గర ఆగుతాడు. తప్పు చేశాననే భయంతో ఆమె వణికిపోతుంది.

ఆ భయం ఎక్కడిదో కూడా చెప్పాడు. పసిపిల్లలకు పక్క తడపకూడదని నేర్పినట్టే, నిప్పు పుట్టించకూడదని ఆమెకు అమ్మానాన్నలు నేర్పారు. కోప్పడి, బుజ్జగించి, సిగ్గుపడేలా చేసి. పెద్దయ్యాక ఆ సిగ్గే ఆమెను కాపాడేదీ, కట్టిపడేసేదీ. అందుకే ఈ నవలలో పెద్ద మంటలు చాలా తక్కువ. ఇర్వ్ మాండర్స్ పొలం దగ్గర ఒకసారి, చివర్లో వర్జీనియాలోని షాప్ ఆవరణలో ఒకసారి. మధ్యలో వందల పేజీలు ఆమె నిగ్రహించుకుంటూ ఉంటుంది. మనం ఊపిరి బిగబట్టి చదువుతూ ఉంటాం. కింగ్ ఈ పుస్తకాన్ని షర్లీ జాక్సన్ స్మృతికి అంకితమిచ్చాడు, ఆమెకు ఎప్పుడూ గొంతు పెంచాల్సిన అవసరం రాలేదని మెచ్చుకుంటూ. ఆయనే గొంతు పెంచే రచయిత అన్నది వేరే సంగతి. ఈ నవలలో మాత్రం ఆ అంకితానికి న్యాయం చేశాడు.

‘తులసిదళం’ చదివి నిద్ర పాడుచేసుకున్న తెలుగు పాఠకులకు పసిపిల్ల చుట్టూ పెద్దల కుట్ర అనేది కొత్త కాదు. అయితే యండమూరి తులసిని చూసి మనం జాలిపడతాం, ఆమెను ఎవరు కాపాడతారా అని ఎదురుచూస్తాం. చార్లీని చూస్తే జాలీ భయమూ ఒకేసారి కలుగుతాయి. ఆమెను కాపాడాలా, ఆమె నుంచి జనాన్ని కాపాడాలా?

ఈ చిక్కును పసిగట్టినవాడు జాన్ రెయిన్‌బర్డ్. ముఖం మీద మచ్చలున్న, షాప్ కోసం పనిచేసే ఒంటికన్ను హంతకుడు. షాప్ చేతికి చిక్కిన చార్లీ గదిలోకి శుభ్రం చేసే పనివాడి వేషంలో వస్తాడు. కరెంటు పోయిన రాత్రి తనకు చీకటంటే భయమని నటిస్తాడు. తన భయాన్ని మరిచి పిల్ల అతన్ని ఓదారుస్తుంది. అక్కడితో ఆమె దొరికిపోయింది. నిప్పు పుట్టించనని మొండికేసిన పిల్ల, గుర్రపు స్వారీకి ఆశపడి పరీక్షలకు ఒప్పుకుంటుంది. చెక్క ముక్కలు, తర్వాత ఇటుక గోడ. నవలలో అతి క్రూరమైన పేజీలు ఇవే, వీటిలో ఒక్క మనిషీ కాలిపోడు. రెయిన్‌బర్డ్‌ను అమెరికన్ ఆదివాసిగా చూపించిన తీరు మాత్రం ఇవాళ చదివితే ఎబ్బెట్టుగా ఉంటుంది. ఆ మూస అప్పటికే పాతది.

ఇక కొడుకు పుస్తకం. స్కూల్లో నర్సుగా పనిచేసే హార్పర్ కిటికీలోంచి చూస్తుండగా ఆటస్థలం దగ్గర ఒక మనిషి తూలుతూ వచ్చి భగ్గున అంటుకుంటాడు. ఇదే ఆరంభం. ‘డ్రాగన్‌స్కేల్’ అనే బూజు జనానికి అంటుకుంటోంది. ఒంటి మీద నలుపూ బంగారమూ కలిసిన పచ్చబొట్టులాంటి గీతలు వస్తాయి. చూడ్డానికి అందంగా ఉంటాయి. తర్వాత ఒకరోజు ఆ మనిషి నిలువునా కాలిపోతాడు. హార్పర్‌కు అంటుకునే సమయానికి ఆమె కడుపుతో ఉంది. జబ్బు వస్తే కలిసి చచ్చిపోదామని ముందు మాట ఇచ్చుకున్న భర్త జేకబ్ ఆ మాట నిలబెట్టుకోమంటాడు. ఆమె బతకాలనుకుంటుంది. అతను చంపడానికి వస్తాడు.

ఈ భార్యాభర్తల ఘట్టంలో కొడుకు తండ్రిని దాటాడని నా అభిప్రాయం. ‘ఫైర్‌స్టార్టర్’లో తల్లి విక్కీ తొందరగా చచ్చిపోయి కథకు కారణంగా మిగులుతుంది, అంతే. హార్పర్ మొదటి పేజీ నుంచి చివరిదాకా మనిషి. భయం వేస్తే మేరీ పాపిన్స్ పాటలు పాడుకుంటుంది, కానీ అమాయకురాలు కాదు. జేకబ్ కూడా రాక్షసుడిగా పుట్టలేదు. తనను తాను గొప్ప రచయిత అనుకుని, అది కాలేక, ఆ అక్కసును పెళ్లాం మీద తీర్చుకునే మగవాడు. ఇలాంటి వాడిని గుర్తుపట్టడానికి కథ జరిగే న్యూ హాంప్‌షైర్ దాకా పోనక్కర్లేదు.

జబ్బుపడ్డవాళ్లను వేటాడి చంపే ముఠాల నుంచి తప్పించుకుని హార్పర్ క్యాంప్ విండమ్ అనే రహస్య శిబిరం చేరుతుంది. అక్కడివాళ్లు ఒక కిటుకు కనిపెట్టారు. అందరూ కలిసి పాడితే బూజు శాంతిస్తుంది. కాల్చడం మానేసి ఒళ్లంతా మెత్తగా వెలిగిస్తుంది. పెద్దాయన ఫాదర్ స్టోరీ ఉన్నంతకాలం ఆ పాట ప్రార్థన. ఆయన తల మీద దెబ్బతిని పడిపోయాక కూతురు కారల్ చేతికి పెత్తనం వస్తుంది. మాట విననివాళ్లకు శిక్షేమిటంటే నోట్లో రాయి పెట్టుకుని తిరగడం. నిన్నటిదాకా గొంతు కలిపి పాడిన నోళ్లు అవే. కొట్టరు, తిట్టరు, చుట్టూ ఉన్నవాళ్లు చిరునవ్వుతో చూస్తుంటారు. ఏడు వందల పేజీలు దాటిన ఈ నవలలో నన్ను నిజంగా భయపెట్టింది ఆ రాయే. దాన్లో నిప్పు లేదని గమనించండి. ఈ ఒక్కచోట కొడుకు గొంతు తగ్గించాడు.

2020 తర్వాత ఈ భాగం చదివినవాళ్లకు ఇది కల్పనలా అనిపించదు. ఆ మార్చిలో మన పల్లెల పొలిమేరల్లో ముళ్లకంపలు, బండరాళ్లు అడ్డం పెట్టి పైవాళ్లను రానివ్వలేదు. నాలుగేళ్ల ముందే రాసిన నవలలో హిల్ ఆ మనస్తత్వాన్ని కంచెకు రెండు వైపుల నుంచీ చూపించాడు.

మరి నవల ఎక్కడ జారింది? మంటలు ఎక్కువైపోయిన చోట. నవలకు పేరిచ్చిన ఫైర్‌మన్ జాన్ రుక్‌వుడ్ తన నిప్పును పక్షిగా మలిచి ఎగరేస్తాడు. చనిపోయిన ప్రియురాలి ముఖాన్ని కొలిమిలో ఆరిపోకుండా కాపాడుకుంటాడు. రెండోది గొప్ప ఊహ, గుండె పట్టేస్తుంది. మొదటిదానికి చప్పట్లు కొడతాం కానీ భయపడం. చార్లీ నిప్పుకు ప్రతిసారీ ఒక వెల ఉంది, ఆండీ ఒక్కో తోపుకూ మెదడులో కొంత పోగొట్టుకుంటాడు. రుక్‌వుడ్ విన్యాసాల్లో ఆ లెక్క తరచూ తప్పుతుంది. దానికి తోడు పాత్రలన్నీ సినిమాలు, పాటలు, పిల్లల పుస్తకాల మీద చమత్కారాలు విసురుకుంటూ ఉంటాయి. ఒళ్లు కాలిపోబోతున్నవాళ్లకు ఇంత తీరిక ఎలా దొరికిందా అనిపిస్తుంది. రెండు వందల పేజీలు తీసేసినా నవలకు నష్టం లేదు.

ఒక్క విషయంలో కొడుకు ఆలోచన తండ్రికి సూటిగా ఎదురు నిలుస్తుంది. చార్లీకి కోపమే అగ్గిపుల్ల. ఆమె కోపాన్ని మింగడం నేర్చుకోవాలి. హిల్ లోకంలో బూజుకు పడనిది భయమూ ఒంటరితనమూ. మనసు నెమ్మదిస్తే నిప్పు కూడా మాట వింటుంది. దానితో మాట్లాడటం అందరికంటే ముందు నేర్చుకున్నది చెవులు వినపడని నిక్, మాటల్లేకుండా. అద్భుతమైన ఎత్తుగడ. అయితే ప్రేమ ఉంటే చాలు అన్నట్టు కథ అటు మొగ్గబోయిన ప్రతిసారీ హిల్ శిబిరంలోని పాటను గుర్తుచేసి అడ్డుకుంటాడు. కలిసి పాడేవాళ్లే రాయి కూడా పెట్టిస్తారు.

ముగింపులు చెప్పకుండా ఈ పోలిక తేలదు కాబట్టి, చదవనివాళ్లు ఇక్కడ ఆపేయవచ్చు. తండ్రినీ, షాప్ ఆవరణనూ బూడిదలో వదిలేసి చార్లీ నడుచుకుంటూ పోయి న్యూయార్క్‌లో ‘రోలింగ్ స్టోన్’ పత్రిక ఆఫీసు తలుపు తడుతుంది. ప్రభుత్వం ఎంత అబద్ధమాడినా, నిజం చెబితే అచ్చువేసే పత్రిక ఒకటి ఉంటుందని వాటర్‌గేట్ చూసిన 1980 నాటి రచయిత నమ్మాడు. హిల్ పాత్రలకు దారి చూపేది రేడియో. మేన్ తీరం అవతల ఒక దీవి ఉందని, జబ్బుపడ్డవాళ్లకు అక్కడ ఆశ్రయం ఉందని ఒకప్పటి ఎమ్‌టీవీ యాంకర్ మార్తా క్విన్ గొంతు పదేపదే పిలుస్తుంది. పిల్లల్ని వెంటేసుకుని, నెలలు నిండిన కడుపుతో, హార్పర్ ఆ గొంతును నమ్ముకుని ఉత్తరానికి నడుస్తుంది. ఆ పిలుపు ఉచ్చు. పడవ ఎక్కినవాళ్ల కోసం తుపాకులు సిద్ధంగా ఉన్నాయి.